నేను నేనేనండీ బాబూ

ఈమధ్య మా ఇంట్లో నా ఫోన్ తెరవలేనివాణ్ణి నేనొక్కణ్ణే.

మా అమ్మాయి దాన్ని మొహం ముందు పెట్టుకుంటే చాలు, తెరుచుకుంటోంది. మావాడు కారు వెనకసీట్లో కూర్చుని నా బొటనవేలు ఎటు కదులుతోందో చూసి అంకెలు కనిపెట్టేశాడు. మా ఆవిడకి కనిపెట్టే పనే లేదు. ఆ అంకెలు ఆవిడ పుట్టినరోజే, వాటిని మార్చే ధైర్యం నాకు లేదు. నేను మాత్రం వేలు తడిగా ఉందనో, కళ్ళజోడు మారిందనో, గడ్డం పెరిగిందనో రోజుకో వంకతో గుమ్మం బయటే నిలబడుతున్నాను.

ఫోన్‌తో పోతే బాగుండేది. లాప్‌టాప్ కూడా "మీరు మీరేనా?" అంటుంది. అవునంటే నమ్మదు. ఫోన్‌కి ఒక అంకె పంపాను, అది చెప్పమంటుంది. ఫోన్ తెరుచుకుంటే కదా అంకె కనపడేది! సరే, ఫోన్ సంగతి తేల్చుకుందామని వెళ్తే, మీ ఈమెయిల్‌కి ఒక లింకు పంపాను, అది నొక్కమంటుంది. ఈమెయిల్ లాప్‌టాప్‌లో ఉంది. నా గురించి ఈ రెండూ ఒకదాన్నొకటి అడిగి తెలుసుకోవాలనుకుంటాయి గానీ, అక్కడే కూర్చున్న నన్ను ఏదీ అడగదు.

పిల్లల బడి యాప్, నీళ్ళ బిల్లు, పళ్ళ డాక్టరు, కాలనీ ఈతకొలను... ఎక్కడికెళ్ళినా ఇదే విచారణ. కొన్నిచోట్ల నేను నేనా కాదా అన్న ప్రశ్న కూడా రాదు, అసలు మనిషినేనా అని అడుగుతారు. ట్రాఫిక్ లైట్లున్న గళ్ళన్నీ నొక్కమంటారు. లైటంటే లైటొక్కటేనా, దాన్ని మోసే స్తంభం కూడానా? పక్క గడిలోకి గోరంత తొంగిచూస్తున్న అంచు సంగతేమిటి? ఇంజనీరింగ్ ఎంట్రన్సులో కూడా ఇంత తర్జనభర్జన పడలేదు. మనిషన్నవాడు అక్కడ సందేహిస్తాడు. రోబో అయితే టకటకా నొక్కి వెళ్ళిపోతుంది.

మొహం విషయంలో ఇంకో చిక్కు వచ్చిపడింది. మా అమ్మాయిది ఎవరి పోలిక అన్న తగాదా బారసాల నాటి నుంచీ ఉంది. "ముక్కూ మొహం అంతా మా అమ్మాయిదే" అని మా అత్తగారు ఉయ్యాల దగ్గరే తీర్పు చెప్పేశారు. "కళ్ళు మావాడివి" అని మా అమ్మ అప్పీలు చేసుకుంది. ఏళ్ళ తరబడి తేలని ఆ వ్యాజ్యాన్ని నా ఫోన్ క్షణంలో తేల్చేసింది. పిల్లది అచ్చం నేనే. ఈ తీర్పు వినిపించాలని వీడియో కాల్ చేస్తే, అత్తగారు ఫోన్‌కేసి జాలిగా చూసి, "దానికేం తెలుసు బాబూ, చైనాలో చేసింది" అన్నారు.

యాపిల్ వాళ్ళు మొహం చూసి తెరుచుకునే ఫోన్‌ని 2017లో తెచ్చినప్పుడు, దారినపోయే దానయ్య మొహానికి అది తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటన్నారు. కవలల దగ్గరా, పోలికలున్న తోబుట్టువుల దగ్గరా, 13 ఏళ్ళలోపు పిల్లల దగ్గరా ఆ లెక్కకి అంత భరోసా లేదని కూడా వాళ్ళే చెప్పారు. నాది ఆ కంపెనీ ఫోన్ కాదు గానీ, నీతి అందరికీ ఒకటే. ఈ తాళాలు దానయ్య కోసం తయారయ్యాయి. నా ఫోన్ వైపు ఇంతవరకూ ఏ దానయ్యా కన్నెత్తి చూడలేదు. చూసేవాళ్ళందరూ నా ఇంటి రేషన్ కార్డులోవాళ్ళే.

ఇక్కడ మా ఊరి గురించి ఒక ముక్క చెప్పాలి. డబ్లిన్ అంటే ఐర్లండ్ అనుకునేరు. మాది కాలిఫోర్నియా డబ్లిన్, శాన్‌ఫ్రాన్సిస్కోకి తూర్పున 580, 680 రోడ్లు ఒకదాన్నొకటి కోసుకునే చోటు. 2020 జనాభా లెక్కల్లో 72,589 మంది తేలారు. టసహారా రోడ్డు నుంచి ఫాలన్ రోడ్డు దాకా కొండల మీద లేచిన ఇళ్ళ గుమ్మాలకి మామిడాకుల తోరణాలు చూస్తూ వెళ్తే, వీటిలో ఐరిష్ వాళ్ళెవరా అని అనుమానం వస్తుంది. ఈ ఊరికి తాళాలు కొత్త కాదు. అలమెడా కౌంటీ వారి సాంటా రీటా జైలు 1989 నుంచీ ఇక్కడే ఉంది. క్యాంప్ పార్క్స్ సైనిక స్థావరం ఊరి నడుమే ఉంది. దాన్ని ఆనుకుని ఆడవాళ్ళ ఫెడరల్ జైలు కూడా ఉండేది, 2024లో మూతపడింది. హాలీవుడ్ నటి ఫెలిసిటీ హఫ్‌మన్ 2019లో శిక్ష అనుభవించింది అందులోనే. కూతురి ఎస్‌ఏటీ జవాబులు వేరేవాళ్ళ చేత దిద్దించడానికి 15 వేల డాలర్లిచ్చిన నేరానికి 14 రోజుల శిక్ష వేశారు. మా ఊరి తల్లిదండ్రులు ఆ వార్త చదివి నిర్ఘాంతపోయారు. నేరానికి కాదు, ఆ రేటుకి. చట్టబద్ధంగా కోచింగ్ ఇప్పించినా అంతకంటే ఎక్కువే అవుతోంది కదా అని.

ఆ తాళాలు కనపడేవి. కనపడని తాళాలు తయారుచేసేవాళ్ళు కూడా మా ఊళ్ళోనే ఉంటారు. సాయంత్రం ఎమరాల్డ్ గ్లెన్ పార్కులో నడకకి వెళ్తే, ఎదురొచ్చే ప్రతి రెండో పెద్దమనిషీ ఏదో ఒక కంపెనీలో జనాన్ని లోపలికి రానివ్వకుండా ఆపే ఉద్యోగంలో ఉంటాడు. ఒకాయన వేలిముద్రలు, ఇంకొకాయన ఓటీపీలు, మరొకాయన ట్రాఫిక్ లైట్లు. వాళ్ళందరి ఇళ్ళకీ నేను భోజనాలకి వెళ్ళాను. వైఫై పాస్‌వర్డ్ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంటుంది. పెద్ద కంపెనీలో భద్రతా విభాగానికి అధిపతిగా ఉన్న మిత్రుడొకడు మొన్న ఫోన్ చేసి, "మీ ఓటీటీ పాస్‌వర్డ్ ఒక్కసారి ఇవ్వరా? పండగ సినిమా చూసేసి మర్చిపోతాం" అన్నాడు. అతను మర్చిపోడు, నాకు తెలుసు. ఇచ్చాను. అతని పులిహోర తిన్నవాణ్ణి, ఎలా కాదంటాను?

అసలు ఈ పాస్‌వర్డ్‌ల గోలకి ఒక మూలపురుషుడున్నాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన బిల్ బర్. 2003లో ఆయన రాసిన మార్గదర్శకాలతోనే పెద్దక్షరం, అంకె, ఆశ్చర్యార్థకం, మధ్యమధ్యలో మార్పిడి అనే చతుర్విధ పాఠం ఊరూరా పాకింది. ఆఫీసులు దాన్ని వేదంలా పట్టుకున్నాయి. మా తరం తెలుగువాళ్ళకి పాస్‌వర్డ్ అంటే ఇష్టదైవమే. వెంకటేశ్వరస్వామి మొదటి అక్షరం పెద్దది, చివర ఒకటి, దాని పక్కన ఆశ్చర్యార్థకం. 90 రోజులు కాగానే మార్చమంటారు, ఒకటిని రెండు చేస్తాం. యుగాలన్నిటికీ కలిపి విష్ణుమూర్తికి పది అవతారాలు సరిపోయాయి. మా ఆఫీసులో రెండున్నరేళ్ళకే పది దాటేశాడు. బర్ గారు రిటైరయ్యాక, 2017లో, తను చెప్పినదాంట్లో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని ఒక పత్రికతో అన్నాడు. కారణం లేకుండా పాస్‌వర్డ్ మార్చమని జనాన్ని పీడించొద్దని అదే ఏడు అదే సంస్థ కొత్త మాట చెప్పింది. ఆ కబురు మా ఆఫీసుకి ఇంకా చేరలేదు. మా స్వామి అవతారాలు ఎత్తుతూనే ఉన్నాడు.

రహస్య ప్రశ్నలు మరీ విడ్డూరం. "మీ అమ్మగారి పుట్టింటిపేరు?" ఇది రహస్యమట! మా అమ్మ పుట్టింటిపేరు మా పెళ్ళిశుభలేఖ మీద పసుపు రాసి మరీ అచ్చేశారు. మా మేనమామ ఇంటిముందు పాలరాతి ఫలకం మీద ఉంది. తెనాలిలో ఆ వీధికెళ్ళి అడిగితే ఇంటిపేరే కాదు, గోత్రం కూడా చెప్పి కాఫీ ఇచ్చి పంపుతారు. మా పెదనాన్న కొడుకు మేనరికం చేసుకున్నాడు. వాళ్ళ అమ్మ పుట్టింటిపేరూ, భార్య పుట్టింటిపేరూ ఒకటే. రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు రాస్తే కంప్యూటర్ ఒప్పుకోలేదట. ఒకరిని మార్చుకోమంది. ఎవర్ని మార్చుకోను అని నన్ను అడిగాడు. నేను తలదూర్చలేదు.

"మీ మొదటి పెంపుడు జంతువు పేరు?" అని ఇంకో ప్రశ్న. మా ఇంట్లో జంతువుల్ని మేం పెంచలేదు, అవే మమ్మల్ని పెంచాయి. గేదె పాలిస్తే మా ఫీజులు కట్టారు. "మీ మొదటి కారు?" ఈ దేశానికొచ్చే దాకా మాకు బస్సే దిక్కు. ఈ ప్రశ్నలకున్న బలమెంతో 2008లోనే లోకానికి తెలిసొచ్చింది. అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పాలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ కుర్రాడు దూరిపోయాడు. పుట్టినతేదీ, ఊరి జిప్‌కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిసింది చెప్తే చాలు, తలుపు తెరుచుకుంది. మూడూ జనానికి తెలిసిన సంగతులే. మనలో చాలామందికి ఆ మూడో ప్రశ్నకి పెళ్ళిచూపుల తేదీతో సహా జవాబు చెప్పేవాళ్ళు రెండు జిల్లాల్లో ఉంటారు.

ఇవన్నీ భరించొచ్చు. భరించలేనిది ఇండియా ఓటీపీ.

ఇంటర్నెట్‌లో కార్డు వాడాలంటే రెండో తాళం ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నియమం పెట్టింది. మంచిదే. కాకపోతే ఆ రెండో తాళంచెవి నా ఇండియా నంబరుకి వస్తుంది. ఆ సిమ్ము తెనాలిలో మా నాన్న ఫోన్‌లో రెండో అరలో కాపురముంటోంది. నేనిక్కడ ఇంటిపన్నుకో, ఎల్ఐసీ ప్రీమియంకో బటన్ నొక్కుతాను. ఇండియాకీ మాకూ ఎండాకాలం పన్నెండున్నర గంటలు, చలికాలం పదమూడున్నర గంటలు తేడా. నాన్న మెలకువగా ఉండి, కళ్ళజోడు దగ్గరుండి, ఫోన్‌లో ఛార్జి ఉండి, ఆయన నా మీద కోపంగా లేని శుభముహూర్తం చూసుకుని నొక్కాలి. ఓటీపీ ఆయుర్దాయం కొద్ది నిమిషాలు. నాన్నకి అంకెలు చెప్పేముందు సందర్భం చెప్పే అలవాటుంది. "ఇప్పుడే వచ్చింది. టింగుమంది. మీ అమ్మ కుక్కరనుకుంది..."

ఆయన చేతిలో తాళంచెవి ఉండటం మాత్రం కొత్త కాదు. మా ఇంట్లో ఫోన్‌కి తాళం వేసిన మొదటి మనిషి ఆయనే. ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఓపిక పట్టండి.

మా చిన్నప్పుడు ఫోన్ కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. మాకు వచ్చేసరికి అది మా ఒక్కరిది కాకుండా పోయింది. వీధిలోవాళ్ళంతా తమ విజిటింగ్ కార్డుల మీద మా నంబరు వేసి పక్కన పి.పి. అని రాసుకున్నారు. నల్లటి ఫోను. వేలు పెట్టి తిప్పే చక్రం. నాన్న కాలేజీ లెక్చరర్, జీతం నెలకోసారి, బిల్లు రెండు నెలలకోసారి. మొదటి పెద్ద బిల్లు వచ్చిన మర్నాడే ఒక బుల్లి తాళం కొనుక్కొచ్చి చక్రం కన్నంలో బిగించారు. అలాంటి తాళాలు అప్పట్లో బజార్లో ప్రత్యేకంగా దొరికేవి. చక్రం తిరగదు. ఎవరైనా చేస్తే మాట్లాడొచ్చు, మనం ఎవరికీ చెయ్యలేం. చెవి ఆయన జంధ్యానికి కట్టుకున్నారు.

తరవాతి బిల్లు మొదటిదానికంటే ఎక్కువొచ్చింది.

నాన్న దర్యాప్తు మొదలుపెట్టారు. అనుమానితులు ముగ్గురు. ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లో ఉంటున్న బాబాయి, మేడ మీద అద్దెకున్న బ్యాంకు గుమాస్తా, నేను. బాబాయి దేవుడి పటం ముందు ప్రమాణం చేశాడు. గుమాస్తా అలిగి ఇల్లు ఖాళీ చేస్తానన్నాడు. నాకు ఎనిమిదో ఎక్కం ఒప్పజెప్పమని శిక్ష పడింది, దానికీ ఫోన్‌కీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత వడ్రంగిని పిలిపించి ఫోన్‌కి టేకుపెట్టె చేయించారు. దానికి గొళ్ళెం, గొళ్ళేనికి ఇంకో తాళం. ఇప్పుడు ఫోన్ మోగితే పెట్టెలోంచి మూలుగు వినపడేది. నాన్న స్నానాల గదిలోంచి జంధ్యం పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి మోగడం ఆగిపోయేది. అవతలవాళ్ళెవరో తెలుసుకునే మార్గం లేదు. చావు కబురో, పెళ్ళి కబురో అని ఇల్లంతా ఆ పెట్టె చుట్టూ కూర్చుని మథనపడేది. వారం తిరక్కుండా వడ్రంగి మళ్ళీ వచ్చి, రిసీవర్ తీసుకునేందుకు వీలుగా పెట్టెకి చేయి పట్టేంత కన్నం పెట్టి వెళ్ళాడు.

బిల్లు తగ్గలేదు.

ఇప్పటి పిల్లలకి తెలియదు గానీ, ఆ ఫోన్‌లో చక్రం ఒక అలంకారం. చక్రం వెనక్కి తిరిగేటప్పుడు లైను టకటకా తెగి అతుక్కుంటుంది. రెండు తిప్పితే రెండుసార్లు, సున్నా తిప్పితే పదిసార్లు. ఎక్స్‌ఛేంజి లెక్కపెట్టుకునేది ఆ తెగడాలనే. రిసీవర్ పెట్టే చోటుండే మీటని అదే వరసలో నొక్కి వదిలినా లైను అలాగే తెగుతుంది. ఎక్స్‌ఛేంజికి తేడా తెలియదు. ఈ రహస్యాన్ని టెలిఫోన్ లైన్‌మన్ ఒక ఎండపూట మా ఇంట్లో మజ్జిగ తాగుతూ, కృతజ్ఞత కొద్దీ మా అమ్మకి చెప్పాడు.

మా పిన్ని హైదరాబాదులో చిక్కడపల్లిలో ఉండేది. అప్పట్లో హైదరాబాదు కోడ్ 0842. సున్నాకి పది, తర్వాత ఎనిమిది, నాలుగు, రెండు... మొత్తం 24 దెబ్బలు. ఆపైన పిన్ని వాళ్ళ ఆరంకెల నంబరు. దెబ్బలన్నీ సమానంగా పడాలి, అంకెకీ అంకెకీ మధ్య కాస్త విరామం ఉండాలి. ఒక్కటి తప్పితే ఇంకెవరో పలుకుతారు. అమ్మ పెళ్ళికి ముందు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకుంది. నాన్న వేసిన తాళానికి అమ్మ తాళం సరిపోయింది. ఆయన కాలేజీకెళ్ళిన మధ్యాహ్నం వేళ, చేయి కన్నంలోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, పెదవుల మీద లెక్కపెట్టుకుంటూ కొట్టేది. రాత్రి బాగా పొద్దుపోయాక పావు రేటుకే మాట్లాడొచ్చని ఊరంతా ఎస్‌టీడీ బూత్‌ల ముందు బారులు తీరుతుంటే, అమ్మ పట్టపగలు పూర్తి రేటుకి చెల్లెలితో ఆవకాయ పాళ్ళు చర్చించేది. ఈ సంగతి నాకు తెలుసు, బాబాయికి తెలుసు, మేడమీద గుమాస్తాకి తెలుసు. దర్యాప్తు అధికారికొక్కరికే తెలియదు.

ఆ తర్వాత మా ఊరికి ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజి వచ్చింది. ఒకరోజు నాన్న అక్కడికెళ్ళి ఏవో కాగితాలు తెచ్చుకుని వరండాలో కూర్చుని చాలాసేపు చదువుకున్నారు. ఆ వారమే పెట్టెకి చెదలు పట్టిందంటూ తీయించేశారు. చక్రానికున్న తాళం కూడా ఏమైందో మరి కనపడలేదు. బాబాయికి ఉద్యోగం వచ్చింది. కేసు మూతపడిందనుకున్నాం.

పెద్ద పెద్ద చోట్ల కూడా కథ ఇంతే. కంప్యూటర్‌కి మొదట పాస్‌వర్డ్ పెట్టింది 1960ల తొలినాళ్ళలో, ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందమని చెప్తారు. ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకోవాలి, ఎవరి కాగితాలు వాళ్ళవిగా ఉండాలి, అందుకు. 1962లోనే దానికి కన్నం పడింది. వేసింది బయటి దొంగ కాదు, అక్కడే పరిశోధన చేస్తున్న అలన్ షెర్. వారానికి తనకిచ్చిన యంత్రం సమయం చాలక, పాస్‌వర్డ్‌ల ఫైలు అచ్చేసి పెట్టమని యంత్రాన్నే అడిగాడు. అది బుద్ధిగా అచ్చేసి ఇచ్చింది. మా అమ్మకి లైన్‌మన్, ఆయనకి ప్రింటర్. ఇంట్లోవాడికి పనిబడితే ఏ తాళమూ ఆగదు.

ఇక అసలు సంగతికి వస్తాను. కొన్నాళ్ళ కిందట బ్యాంకు పని పడి నాన్నకి ఫోన్ చేశాను.

"ఓటీపీ వచ్చిందా నాన్నా?"

"వచ్చింది. ముందు నువ్వెవరో చెప్పు."

"నేనే."

"నేనే అని అందరూ అంటారు. పేపర్లో రోజూ చూడటం లేదూ? గొంతులు కూడా తయారుచేస్తున్నారట."

"వీడియోలో మొహం కనపడుతోంది కదా!"

"మొహాలు కూడా తయారుచేస్తున్నారు."

ఆయన్ని తప్పుపట్టలేను. డిజిటల్ అరెస్టు పేరుతో పెద్దవాళ్ళని వీడియో కాల్ ముందు గంటల తరబడి కూర్చోబెట్టి డబ్బు ఊడ్చేస్తున్నారని 2024లో ప్రధానే రేడియోలో చెప్పారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, మోసపోతే 1930కి ఫోన్ చెయ్యండని ప్రభుత్వం చెప్తూనే ఉంది. నాన్న లెక్చరర్‌గా చేసిన మనిషి, పాఠం శ్రద్ధగా విన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నప్పుడు కొడుకుని మినహాయించినట్టు ఎక్కడా వినలేదట.

"సరే, అడగండి. అమ్మ పుట్టింటిపేరు చెప్పనా?"

"అది ఎవడికి తెలియదు! మన గేదె పేరేమిటి?"

"గౌరి."

"గౌరి ఆవు. గేదె?"

"నల్లపిల్ల."

"ఊఁ. ఇది పాలవాడికి కూడా తెలుసు. మీ తాతయ్య ముక్కుపొడుం ఏ చేత్తో పీల్చేవారు?"

నేను తెనాలి ఇంటి అరుగు మీదకి వెళ్ళిపోయాను. పడక్కుర్చీ, పక్కన వెండి డబ్బా. కుడిచేతిలో ఎప్పుడూ విసనకర్ర ఉండేది.

"ఎడమ చేత్తో. కుడిచేత్తో విసురుకునేవారు."

అవతల కాసేపు మాట లేదు. "సరే, నువ్వే. రాసుకో" అన్నారు. అప్పటికి ఓటీపీ గడువు తీరి చాలాసేపయింది.

ఆ రోజు బ్యాంకు పని కాలేదు గానీ, నువ్వెవరో చెప్పమన్న ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఊళ్ళో చిన్నప్పుడు ఎవరెదురైనా "ఎవరబ్బాయివిరా?" అనేవాళ్ళు. ఫలానావారి అబ్బాయినంటే సరిపోయేది, పక్కనున్నవాళ్ళు తలూపేవాళ్ళు. ఇక్కడ నా మొహం, నా వేలు, నా కంటిపాప, నేను పుట్టిన తేదీ ఎన్ని యంత్రాల దగ్గరున్నాయో నాకే తెలియదు. తాతయ్య ఎడమచేతి సంగతి వాటిలో ఏ ఒక్కదానికీ తెలియదు. అది తెలిసినవాళ్ళు లోకంలో ఇప్పుడు ఓ నలుగురుంటారేమో. పిన్ని పోయింది. బాబాయికి ఈమధ్య అన్నీ గుర్తుండటం లేదు. ఆ నలుగురూ అయిపోయాక నేను నేనేనని సాక్ష్యం చెప్పడానికి నాకు అంకెలొక్కటే మిగులుతాయి. మా పిల్లలకి నేనేం నేర్పాను? పాస్‌వర్డ్ పన్నెండక్షరాలకి తగ్గకూడదని.

ఈ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు. వేసవి సెలవుల్లో మావాడు తాతకి వీడియోలో భద్రత మీద తరగతి పెట్టి, ఆయన ఫోన్‌కి ఆరంకెల తాళం వేయించాడు. అంకెలు ఎవరికీ చెప్పొద్దు తాతా, నాక్కూడా చెప్పొద్దన్నాడు. తాత మురిసిపోయారు. ఇంట్లో ఇంతవరకూ తన తాళాన్ని గౌరవించినవాడు వాడొక్కడే.

మొన్న మాకు పొద్దున్న తొమ్మిదిన్నర, వాళ్ళకి రాత్రి పది. ఎల్ఐసీకి ఆఖరిరోజు. నాన్న నిద్రపోయారు. అమ్మ తన ఫోన్‌లో నాతో మాట్లాడుతూ, ఆయన ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

"టింగుమంది రా. కానీ తెరుచుకోవట్లేదు."

నా పుట్టినరోజు కొట్టింది, కాదంది. తన పుట్టినరోజు, కాదంది. పెళ్ళిరోజు కూడా కాదనేసరికి అమ్మకి కాస్త కష్టం వేసింది. ఇంకోసారి తప్పితే కాసేపు తెరుచుకోనని ఫోన్ బెదిరించింది. నాన్నని లేపక తప్పలేదు. మంచం మీంచి నిద్రమత్తులో ఆయన గొంతు నాకు కూడా వినపడింది.

"మీ చెల్లెలి నంబరు కొట్టు."

"ఏ నంబరు?"

"చిక్కడపల్లిది. నువ్వు పెట్టెలో చెయ్యి పెట్టి కొట్టేదానివే, అది. హైదరాబాదు కోడ్ అక్కర్లేదు." ఆ వెంటనే అటు తిరిగి పడుకున్నారు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ తెరిచిందో లేదో కూడా నాకు తెలియలేదు. నేనే ఉండబట్టలేక, "అమ్మా, ఓటీపీ..." అన్నాను.

"ఉండరా నీ ఓటీపీ!" అంది అమ్మ. "అంటే ఈయనకి అప్పుడే తెలుసన్నమాట. తెలిసి కూడా ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. నేనేమో, ఇంట్లో ఎవరూ లేకుండా చూసుకుని, దొంగదానిలా, ఎంత భయపడుతూ కొట్టేదాన్నో! ఆ కాగితాలు తెచ్చిన రోజే చెప్తే, ఆ తర్వాతన్నా భయం లేకుండా చక్రమే తిప్పుకునేదాన్ని కదా. వేళ్ళన్నా నొప్పి పుట్టకుండా ఉండేవి."